పెద్దనాయిన వరుస సంఖ్య

జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఊరు ఉన్నచోటే ఉంది గానీ చిరునామాలో చివరి మాట మారింది. మహబూబ్‌నగర్ అని రాసేచోట వనపర్తి అని రాయాల్సి వచ్చింది. ఆత్మకూరు మాత్రం ఆత్మకూరుగానే మిగిలింది. ఆధార్‌లో ఒక జిల్లా, బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి ఉండటంతో, ఏ కాగితంలో ఏముందో ఒక పట్టిక వేసుకున్నాను. పక్కనే నాయిన కాగితాలకు ఒక నిలువు వరుస, నాయిన తల్లి, మా అవ్వ కాగితాలకు ఇంకో నిలువు వరుస కలిపాను. అవ్వ వయసు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. ఇంటి చరిత్ర రాయాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. గొప్ప ఉద్దేశం ఏమీ లేదు. అంకెలు కలవకపోతే నేను వదిలిపెట్టలేను, అంతే.

నేను చదివింది సివిల్ డిప్లొమా. హైదరాబాద్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో కాలువల సర్వే అంకెలను సరిచూసి పట్టికలుగా మార్చే పని నాది. లాక్‌డౌన్‌లో ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరికి వచ్చేశాను. ఆఫీసు పని మొదలయ్యేలోగా రోజూ రెండు గంటల ఖాళీ దొరికేది. మూతికి మాస్క్, చేతిలో నోటుబుక్కు పెట్టుకుని వాడలో ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాను.

మా ఊరి బడి గోడ మీద ఊరి చరిత్ర ఆరు వాక్యాల్లో రాసి ఉంటుంది. అందులో కోట ఉంది, గుడి ఉంది, జూరాల నీళ్లు వచ్చాక పండుతున్న వరి ఉంది. మా వాడ లేదు. దానికి కారణం వెతకనక్కర్లేదు. రెండు తరాల పాటు మా వాళ్లు ఊళ్లో ఉన్నది తక్కువ. భూమి లేదు కాబట్టి ఏడాదిలో ఎక్కువ నెలలు మేస్త్రీ వెంట గుంపులు గుంపులుగా వెళ్లి ఎక్కడెక్కడో ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. కట్టినచోట వాళ్ల పేర్లు లేవు, ఇక్కడా లేవు. నేను అంకెలు సరిచూసే కాలువల్లో కొన్నిటికి మా తాత మట్టి మోసి ఉండొచ్చు. ఏవో తెలియదు.

నా ఫారంలో తొమ్మిది నిలువు వరుసలు పెట్టాను: వరుస సంఖ్య, పేరు, పుట్టిన చోటు, పుట్టిన సంవత్సరం, పెళ్లి ఏ ఊరితో, చేసిన పనులు, చెప్పినవారు ఒకటి, చెప్పినవారు రెండు, రిమార్కులు. మొదటి మూడు ఇళ్లలోనే నాలుగో నిలువు వరుస పనికిరాదని తేలింది. మా వాడలో సంవత్సరం అడిగితే ఎవరూ చెప్పరు, పని అడిగితే చెబుతారు. శ్రీశైలం కాడ రాయి మోసేటప్పుడు, కన్నడపోళ్ల కాలువ తవ్వేటప్పుడు, సొరంగంలో దిగిన యేడు, ఇలా. దాంతో ఆ నిలువు వరుస పేరు మార్చి ‘ఏ పని నడుస్తున్నప్పుడు’ అని పెట్టాను. పనులన్నిటికీ ఇంకో పట్టిక వేశాను. అందులో సంవత్సరాలు ఉండవు, ఏది ముందు ఏది వెనక అనేది మాత్రమే ఉంటుంది. సొరంగం ముందా కన్నడ కాలువ ముందా అని ఇద్దరు ముసలివాళ్లు నాలుగు రోజులు వాదించుకున్నారు. చివరికి ఒకాయన చెప్పు విడిచి పాదం చూపించాడు. ఆ పాదానికి బొటనవేలు లేదు. సొరంగంలో రాయి పడి వేలు పోయింది, కాలువ కాడికి కుంటుకుంటూ వచ్చిన సంగతి అవతలి ఆయనకే బాగా గుర్తు. కాబట్టి సొరంగం ముందు. ఆ రోజు రెండు గడులు నిండాయి.

రెండు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, ఏ విషయమైనా ఇద్దరు విడివిడిగా చెబితేనే ఆ గడికి ఆకుపచ్చ రంగు. ఒక్కరే చెబితే పసుపు. రెండోది సర్వే పనిలో నేర్చుకున్నది. ఫీల్డులో ఒకరు రీడింగ్ చెబితే, రాసుకునేవాడు దాన్ని పైకి చదివి వినిపించాలి. చెప్పినవాడు ఔను అన్నాకే అది లెక్కలోకి వస్తుంది. అట్లాగే ఒక ఇంటి పట్టిక పూర్తయ్యాక, ఆ ఇంటి వాకిట్లో కూర్చుని మొదటి గడి నుంచి చివరి గడి దాకా పైకి చదివేవాణ్ని. పెద్దవాళ్లలో ఎక్కువమందికి చదువు రాదు. వినడం బాగా వచ్చు. తప్పుంటే మధ్యలోనే ఆపేవారు.

రెండేళ్లలో వాడలోని ఇళ్లన్నీ దాదాపు పూర్తయ్యాయి. లాక్‌డౌన్ అయిపోయి నేను మళ్లీ హైదరాబాద్ వెళ్లినా, రెండో శనివారాలు ఈ పనికే పెట్టుకున్నాను. పట్టికలను పెద్ద కాగితాల మీద అచ్చు వేయించి, పెత్రమాస రోజు కమ్యూనిటీ హాలు గోడలకు పెట్టాలని వాడ పెద్దలు అన్నారు. ఆ రోజు చనిపోయిన పెద్దలకు వండి పెడతారు కాబట్టి పట్నాల్లో ఉన్నవాళ్లు చాలామంది వస్తారు. చర్చికి వెళ్లే ఇళ్లవాళ్లు పెద్దలకు పెట్టరు గానీ, గోడ చూడటానికి వాళ్లూ వస్తామన్నారు.

చివరికి మిగిలింది మా ఇల్లు. తేలిక అనుకుని చివరికి పెట్టుకున్నాను. అవ్వకు ముగ్గురు పిల్లలు: ఒకటి పెద్దనాయిన, రెండు మా నాయిన, మూడు కల్వకుర్తికి ఇచ్చిన మేనత్త. పది నిమిషాల్లో నిండిన పట్టిక అది.

పెద్దనాయిన గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. మా వాడలో పదో తరగతి పాసైన మొదటివాళ్లలో ఆయన ఒకడు. మహబూబ్‌నగర్‌లో ఒక సర్కారు దఫ్తర్‌లో అటెండర్‌గా చేరి, క్లర్కు అయి, ఆ మధ్యే రిటైరయ్యాడు. రిటైరవడానికి ముందు గెజెట్‌లో వేయించి పేరు మార్చుకున్నాడు. పాత పేరు ఇక్కడ రాయను. అందులో ‘పెంట’ అనే మాట ఉందంటే చాలు, మా వైపు వాళ్లకు మిగతాది అర్థమవుతుంది. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద వేసి ఎత్తుకుని అట్లాంటి పేరు పెడతారు. పనికిరానిది అనుకుని చావు చూడకుండా పోతుందని. అది అందరికీ తెలిసిన సంగతే. అందుకే దాని గురించి ఎవరూ ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు.

పేరు మార్చుకున్న మూడు నెలలకు పెద్దనాయినకు ఛాతీలో నొప్పి వచ్చింది. హైదరాబాద్ దవాఖానలో చూసి, మూడు నాళాలు మూసుకుపోయాయని, ఆపరేషన్ చేయాలని చెప్పారు. దసరా తర్వాతి వారానికి తేదీ ఇచ్చారు. పెత్రమాస దానికంటే ముందే వస్తుంది.

ఒక శనివారం పొద్దున అవ్వ వాకిట్లో చాట ముందు పెట్టుకుని విత్తనానికి పల్లికాయ ఒలుస్తోంది. నేను ఎదురుగా కూర్చుని మా ఇంటి పట్టిక చదవడం మొదలుపెట్టాను. తాత పేరు, అవ్వ పేరు అయ్యాక, ఒకటి అని పెద్దనాయిన గెజెట్ పేరు చదివాను.

అవ్వ చెయ్యి ఆగింది. “ఎవడు వాడు?”

“పెద్దనాయినే అవ్వా. మార్చుకున్నడు గద.”

“గా పేరోడు నా ఇంట్ల లేడు. గా కాగితం గోడకు పెడితే నా పేరు తీసెయ్.”

మొండితనం అనుకున్నాను. నాయినను చెప్పమంటే, వాళ్లిద్దరి మధ్యకు నన్ను లాగొద్దని బండి తీసుకుని బయటికి పోయాడు. పెద్దనాయినకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, సర్కారు కాగితం ఏం చెబితే అదే రాయాలి, ఇంజినీరువి నీకు నేను చెప్పాలా అన్నాడు. మధ్యేమార్గంగా రెండు పేర్లూ రాసి నడుమ అలియాస్ అని పెడతానన్నాను.

“అలియాస్ అని దొంగలకు రాస్తర్రా,” అన్నాడు.

తర్వాత ఆయన ఎప్పుడూ చెప్పని విషయాలు ఒకదాని తర్వాత ఒకటి చెప్పాడు. నేను అలవాటుగా రాసుకున్నాను. బళ్లో హాజరు పిలిచేటప్పుడు ఆయన పేరు వచ్చేసరికి వెనక బల్లవాళ్లు ముక్కు మూసుకునేవారు. దఫ్తర్‌లో కొత్తగా వచ్చిన సారు ఆయన పేరు రెండుసార్లు చెప్పించుకుని, పక్క గదివాళ్లను పిలిచి మూడోసారి చెప్పించాడు. బిడ్డ పెళ్లి పత్రికలో తండ్రి పేరు ఉండాల్సినచోట మూడు ఇంగ్లిషు అక్షరాలు మాత్రమే వేయించాడు. అల్లుడిది నారాయణపేట, మగ్గాలున్న ఇల్లు. పెత్రమాసకు అల్లుడు వస్తున్నాడు.

“గా పేరుతోని జిందగీ మొత్తం నవ్విచ్చుకున్న బిడ్డా. ఇప్పుడు నువ్వు గోడకెక్కిచ్చి నవ్విపిస్తవా?”

ఆయన వాదనలో తప్పు కనబడలేదు. అవ్వ వాదన ఏమిటో తెలియలేదు. ఆ మధ్యాహ్నం వాడ మొత్తం పట్టికను తెరిచి, పెంట అనే మాట ఉన్న పేర్లను మాత్రమే వడగట్టి చూశాను. ఎనిమిది వచ్చాయి. ఎనిమిదిలో ఆరింటికి ఎదురుగా వరుస సంఖ్య ఒకటి అని ఉంది. అది కుదరదు. ముందు పుట్టినవాళ్లు పోతేనే ఆ పేరు పెడతారు కదా. మొదటి సంతానానికి ఆ పేరు పెట్టే కారణమే లేదు. రెండేళ్లుగా ఇంటింటికీ వెళ్లి ‘మీకెందరు పిల్లలు’ అని అడుగుతూ వచ్చాను. ఉన్నవాళ్లనే చెప్పారు. నేను ఉన్నవాళ్లకే సంఖ్యలు వేశాను. ఇద్దరి చేత ఔను అనిపించి ఆకుపచ్చ రంగు కూడా వేశాను.

మరుసటి పొద్దున అవ్వ దగ్గర మళ్లీ కూర్చున్నాను. పెద్దనాయిన కంటే ముందు ఎంతమంది అని అడిగాను. అవ్వ తల ఎత్తలేదు. కాయలు ఒలుస్తూనే చాటలోంచి రెండు కాయలు తీసి, ఒలవకుండా నేల మీద పక్కన పెట్టింది.

కాసేపటికి తనే చెప్పింది. మొదటిది ఆడపిల్ల. గుంపుతో ఆనకట్ట పనికి పోయినచోట, గుడిసెలో పుట్టింది. పళ్లు వచ్చే వయసులో జ్వరంతో పోయింది. రెండోవాడు కాలువ పనికాడ పుట్టి ఆరో రోజున పోయాడు. పేరు కూడా పెట్టలేదు. ఇద్దరినీ పనులు జరిగేచోటే మట్టిలో పెట్టారు. కాలువ పని ఆ వారమే ముందు కిలోమీటరుకు జరిగింది, గుడిసెలూ దాంతోపాటు జరిగాయి. మూడో కాన్పుకు అవ్వ గుంపుతో పోనని కూర్చుంది. తాత ఒక్కడే పనికి పోయాడు. ఎదురింటి చిన్నవ్వ పురుడు పోసింది. బొడ్డు కోయగానే బిడ్డను చాటలో పెట్టి ఇంటి వెనక పెంటకుప్ప మీద వదిలి లోపలికి వచ్చేసింది. కొంచెం ఆగి మళ్లీ తనే వెళ్లి ఎత్తుకుని, ముందు వాకిలికి వచ్చి, పిల్లగాడు దొరికిండు కొంటరా అని కేకేసింది. అవ్వ తవుడిచ్చి కొనుక్కుంది.

“నా కొడుకని వాణ్ని ఎన్నడన్న అన్ననా? నువ్వు విన్నవా?” అంది.

వినలేదు. ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి కూడా వినలేదని అప్పుడు గుర్తొచ్చింది. మా నాయినను నా కొడుకు అంటుంది, మేనత్తను నా బిడ్డ అంటుంది. పెద్దనాయినను మాత్రం పేరుతోనే పిలుస్తుంది. ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే, వాడు కొనుక్కున్నోడు అంటుంది. మేమంతా అది ముద్దు అనుకునేవాళ్లం.

“పేరు తీసేసిన మూడు నెలలకే గుండెల నొప్పి లేసింది,” అంది అవ్వ. “దసరా అయినంక కోస్తరంట. గా లోపల నువ్వు గోడ మీద నా పేరు కింద గీత గీసి, గా పేరు పెడితే, వాడు ఎవరో తెలిసిపోదా?”

“ఎవరికి?”

అవ్వ పక్కన పెట్టిన రెండు కాయలను చాట కిందికి జరిపింది.

గెజెట్‌కూ గుండెకూ సంబంధం లేదని నాకు తెలుసు. పెద్దనాయినకు ముప్పై ఏళ్లుగా బీడీ అలవాటు. కానీ ఏది ముందు ఏది వెనక అన్నదే ఆధారంగా ఒక వాడ చరిత్ర మొత్తం రాసినవాణ్ని నేను. అవ్వ చూపిస్తున్నదీ ఆ ఆధారమే. ఆ ఇద్దరి సంగతి పెద్దనాయినకు చెప్పొద్దని మాట తీసుకుంది. ఇచ్చాను.

తప్పు ఆ రోజే చేశాను. పట్టికలో పెద్దనాయిన వరుస పైన రెండు ఖాళీ అడ్డు వరుసలు చేర్చాను. పేరు రాయలేదు, చోటు రాయలేదు. మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను. వరుస సంఖ్యలు వాటంతట అవే మారేలా ఫైలు తయారుచేసింది నేనే. పెద్దనాయిన మూడు అయ్యాడు, నాయిన నాలుగు, మేనత్త ఐదు. ఎప్పటిలాగే, సరిచూడండి అని రాసి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

మేనత్త ముందు బొటనవేలి గుర్తు పెట్టింది. గంట తర్వాత ఫోన్ చేసి, నేను ఐదేందిరా అంది. నాయిన ఫార్మాట్ పోయినట్టుంది చూసుకో అన్నాడు. పెద్దనాయిన చూశాడని రెండు నీలం గీతలు వచ్చాయి, మాట రాలేదు. రెండో రోజు పొద్దున ఆయనే చేశాడు.

“మూడేందిరా? టైపింగ్ తప్పా?”

ఔను అంటే అయిపోయేది. ఔను అనలేకపోయాను. తప్పు కాదన్నాను.

“ఇద్దరా?” అన్నాడు.

“ఇద్దరు.”

తనకు ముందు ఎవరో పోయారని ఆయనకు తెలుసు. ఆ పేరున్నవాడికి ఎవరికైనా తెలుస్తుంది. ఎందరో తెలియదు, ఎవరో తెలియదు, అడగలేదు. తాత చనిపోయినప్పుడు పెద్దకొడుకు చేయాల్సినవన్నీ తనే చేశాడు. మూడు అనే అంకెను అచ్చులో చూడటం మాత్రం అదే మొదటిసారి.

డాక్టర్ ప్రయాణాలు వద్దన్నా, నేనూ ఊళ్లో ఉన్న ఆ ఆదివారం, బస్సులో ఆత్మకూరు దాకా వచ్చి, ఆటో మాట్లాడుకుని వాకిట్లో దిగాడు. చేతిలో దవాఖాన ఫైలు ఉంది. నా వైపు చూసి అవ్వ ఏమీ అనలేదు. అననందుకు నాకు ఇబ్బందిగా అనిపించింది. పెద్దనాయిన అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, నేరుగా అడిగాడు. ఆడపిల్లలా మగపిల్లలా అన్నాడు. అవ్వ చెప్పింది. ఎక్కడ బొందపెట్టారన్నాడు. ఆడపిల్లను ఆనకట్ట కింద బండల నడుమ, మగపిల్లవాణ్ని కాలువ కట్ట పక్కన రేగుచెట్టు కాడ అని చెప్పింది.

ఆయన కొంతసేపు తన చేతిలోని ఫైలు మీద ఉన్న పేరునే చూస్తూ ఉన్నాడు. తర్వాత నాతో, నా పేరు తీసెయ్ అన్నాడు. పాతది వద్దు, కొత్తది వద్దు, సంఖ్య ఒక్కటి పెట్టి గడి ఖాళీగా వదిలెయ్. తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

నాకు అది మంచి పరిష్కారంగా తోచింది. ఎవరి మాటా పోదు. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి పేరు తీసేసి, నియమం ప్రకారం పైకి చదివాను: ఒకటి ఖాళీ, రెండు ఖాళీ, మూడు ఖాళీ.

“ఆపు,” అంది అవ్వ. “ముగ్గుర్ని ఒక్క తీరుగ పెడ్తవా?”

అప్పుడు చూశాను. మూడు ఖాళీ గడులు ఒకదాని కింద ఒకటి. అందులో రెండు పోయినవాళ్లవి. నేను ఎక్కడ తప్పు చేశానో మళ్లీ చదువు రాని మనిషే పట్టుకుంది. పెద్దనాయిన అరుగు అంచును గోటితో గీకుతూ కూర్చున్నాడు.

ఎదురింటి చిన్నవ్వ ఆటో చప్పుడు విని అప్పటికే వచ్చి గుమ్మం పక్కన చతికిలబడి ఉంది. అవ్వ కంటే రెండేళ్లు చిన్నదేమో. పురుడు పోసిందీ, పెంటకుప్ప మీంచి ఎత్తుకొచ్చిందీ ఆమే. మేము గడుల గురించి మాట్లాడుకుంటున్నదంతా వింటూ, చివరికి విసుక్కుంది.

“గింత లొల్లెందుకక్కా. కొన్నమని రాపియ్యరాదు? కొన్నోనికి ఏ పేరైతేంది?”

అవ్వ ఆమె వైపు తిరిగి చూసింది. నేను కూడా చూశాను. రిమార్కుల గడి ఖాళీగానే ఉంది. తను కన్న బిడ్డ కాదని, దొరికినవాణ్ని కొనుక్కున్నామని గోడ మీద అందరికీ కనబడేలా రాసి ఉంటే, అవ్వ ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చిన మాట చెక్కు చెదరదు. అప్పుడు పేరు ఏదైనా ఆమెకు పట్టింపు లేదు. పేరు ఆయన ఇష్టం, ఎక్కడి నుంచి వచ్చాడన్నది ఆమె ఇష్టం.

“రాయి,” అంది అవ్వ. “పెంట మీద దొరికిండు. చాటెడు తవుడుకు కొన్నం.”

పెద్దనాయిన ఒప్పుకోలేదు. ఏ మాట తీసేయించడానికి దఫ్తర్ల చుట్టూ తిరిగాడో ఆ మాటే మళ్లీ గోడ మీదికి వస్తుందన్నాడు. అవ్వ ఆలోచించి, సరే, ఇంటెనక దొరికిండని రాయి అంది. ఇంటి వెనక ఏముందో తెలియాల్సినవాళ్లకు తెలుసు కాబట్టి ఆమెకు అభ్యంతరం లేదు.

“చాటెడు గాదక్కా,” అంది చిన్నవ్వ. “సగం చాట. గా యేడు నీ ఇంట్ల చాటెడు తవుడు ఏడుందే? తెచ్చినదాన్ని నేను. బేరం గూడ చేసినవు.”

“చాటెడే.”

“సగమే. నా చేతుల పోసినవు గద.”

పెద్దనాయిన ఆ రోజు మొదటిసారి నవ్వాడు. “సగం చాటనా నా కిమ్మతు?”

కొలత మీద ఇద్దరు సాక్షులకూ ఏకాభిప్రాయం లేదు కాబట్టి నియమం ప్రకారం కొలత రాయలేదు. ‘ఇంటి వెనక దొరికాడు. తవుడుకు కొన్నారు’ అని రాశాను. చెప్పినవారు ఒకటి, అవ్వ. చెప్పినవారు రెండు, చిన్నవ్వ. పుట్టిన చోటు అనే శీర్షిక కింద ఆ ఒక్క గడిలో ‘దొరికిన చోటు’ అని చేర్చాను. ఇద్దరు చెప్పారు కాబట్టి ఆకుపచ్చ రంగు వేశాను. అది నిజం కాదని అక్కడున్న నలుగురికీ తెలుసు. నా ఫైలులో అబద్ధమని తెలిసీ ఆకుపచ్చగా ఉన్న గడి అదొక్కటే.

మిగిలినవి పై రెండు వరుసలు. ఖాళీగా ఉంచనా అని అడిగాను. అవ్వ ఆడపిల్ల పేరు చెప్పింది. రాయమంది. ఆమె నోట ఆ పేరు మేమెవరమూ అంతకుముందు వినలేదు. రెండోవాడికి ఎదురుగా ‘పేరు పెట్టకముందే’ అని రాశాను. మళ్లీ మొత్తం చదివి వినిపించాను. ఈసారి అవ్వ ఎక్కడా ఆపలేదు.

పట్టికతోపాటు గోడకు వంశవృక్షం కూడా వేశాం. పెంచుకున్న పిల్లలకు నేను వాడే గుర్తు చుక్కల గీత. పెద్దనాయినకూ అదే వచ్చింది. పెత్రమాస రోజు ఆయన అల్లుడు ఆ చుక్కలు చూసి, మామయ్య దత్తతా అని అడిగాడు. పెద్దనాయిన తనే మొత్తం కథ చెప్పాడు. సగం చాట దగ్గరికి వచ్చేసరికి చుట్టూ పదిమంది చేరారు. నవ్వారు. ఆయన కూడా వాళ్లతో నవ్వాడు. గోడ మీద మాత్రం గెజెట్ పేరే ఉంది.

ఆ సాయంత్రం నేను ల్యాప్‌టాప్ మూసేస్తుంటే వాడలో ఒక ముసలావిడ వచ్చి, మా దాంట్ల గూడ పైన ఒక గీత గియ్యి బిడ్డా అంది. చర్చికి వెళ్లే ఇంటి ఆవిడ ఇంకొకరు వచ్చి మూడు అంది. పేర్లు కొందరు చెప్పారు, కొందరు చెప్పలేదు. దసరా లోపల తొమ్మిది ఇళ్ల పట్టికల్లో వరుస సంఖ్యలు మారాయి. మొదటి సంతానం అనుకున్నవాళ్లు చాలామంది కిందికి దిగారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. పిల్లలు పోయింది ఏ పని కాడో వాళ్లు చెప్పినదాన్ని పనుల పట్టికతో పోల్చి, ఆనకట్టలు, కాలువలు ఏవో చాలావరకు గుర్తించాను. మా ఇంటి రెండోవాడు ఉన్న కాలువ కట్టను ఉపగ్రహ పటంలో ఒక కిలోమీటరు మేర గీత గీసి పెట్టాను. అంతకంటే దగ్గరగా చెప్పే ఆధారం నా దగ్గర లేదు. పటంలో రేగుచెట్లు గుర్తుపట్టలేం.

ఆపరేషన్ రోజు నేను హైదరాబాద్ దవాఖానలో ఉన్నాను. ఆరు గంటలు పట్టింది. థియేటర్ బయట బల్ల మీద కూర్చుంటే నాయిన ఊరి నుంచి ఫోన్ చేశాడు. అవ్వ పొద్దున ఏమీ తినకుండా చిన్నవ్వను వెంటబెట్టుకుని కమ్యూనిటీ హాలుకు వెళ్లిందట. చదువు వచ్చిన ఎవరినో పిలిచి పట్టికలో మూడో వరుస చదివించుకుందట. సాంతం చదివాక, రిమార్కుల గడి ఒక్కటీ మళ్లీ చదవమందట. విని ఇంటికి వచ్చి అన్నం తిన్నదట.

పెద్దనాయిన ఇప్పుడు రోజూ ఒక కిలోమీటరు నడుస్తున్నాడు. బీడీ మానేశానంటాడు. దానికి ఒక్కరే సాక్షి, ఆయనే. ఆ తర్వాత గోడ మీది కాగితాలు రెండుసార్లు మార్చాం. కొత్త పుట్టుకలు, పెళ్లిళ్లు చేరాయి. ఫైలును వాడలో చదువుకున్న ఐదుగురికి ఇచ్చాను, ఎవరి ఇంటి పట్టికను వాళ్లు సరిచేసుకోవచ్చు. అందులో ఒకమ్మాయి, మూడో వరుస రిమార్కు తప్పు కదా, ఆయన అవ్వ కన్నబిడ్డే కదా, సరిదిద్దనా అని మెసేజ్ పెట్టింది. వద్దన్నాను. ఎవరూ మార్చడానికి వీల్లేకుండా ఆ ఒక్క గడికి లాక్ పెట్టాను. ఊరికి వెళ్లిన ప్రతిసారీ అవ్వ అడుగుతుంది.

“ఉన్నదా గా మాట?”

“ఉంది అవ్వా.”